తలుపొకటి, తైలాలు నూరు

మన రాష్ట్రంలో ప్రతి కష్టానికీ ఒక శాఖ ఉంది. కాలవకి గండి పడితే జలవనరుల శాఖ, కరెంటు పోతే విద్యుత్తు శాఖ, పక్కవాడు గోడ జరిపితే రెవిన్యూ శాఖ. కారు తలుపు కిర్రుమంటే పట్టించుకునే శాఖ మాత్రం లేదు. వినే శాఖ ఉంది. దాని పేరు అపార్ట్‌మెంటు. దానికి ఆదివారాలు లేవు, ఆఫీసు వేళలు లేవు, సిబ్బంది కొరత అసలే లేదు.

విజయవాడ అజిత్‌సింగ్ నగర్‌లో సొంత ఫ్లాటు, ఆ ఫ్లాటు మీద బ్యాంకు అప్పు, రెండూ ఉన్న గృహస్థుణ్ని నేను. నా ఫిర్యాదు తలుపు మీద కాదు. దానికి ఎక్కడో నలత చేసింది, అరిచింది. అందులో దాని తప్పేమీ లేదు. నా ఫిర్యాదంతా ఆ అరుపు విని వైద్యం చెప్పిన పెద్దల మీద. ఎవరింట్లో ఏ సీసా ఉందో ఆ సీసాయే మందన్నారు. ఏం పుయ్యాలో అందరికీ తెలుసు. ఎక్కడ పుయ్యాలో చూద్దామని వంగినవాడు ఒక్కడు లేడు.

ముందుగా కేసు వివరాలు మనవి చేస్తాను. వాహనం, పదేళ్ళు దాటిన తెల్ల కారు. ముద్దాయి, డ్రైవరు సీటు పక్క తలుపు. నేరస్థలం, మా సెల్లారు. తలుపు తీస్తే మొదటి జానెడు మేర ఏమీ అనదు. ఆ తర్వాత "కి...ర్ర్ర్" మొదలవుతుంది. పూర్తిగా తెరుచుకోబోతుండగా "టక్కు"మని ఒక కొసమెరుపు. రోడ్డు మీద ఇది ఎవరికీ వినపడదు. సింగ్ నగర్ ట్రాఫిక్‌లో ఉరుము ఉరిమినా వినపడదు. సెల్లారులో మాత్రం నాలుగు వైపులా కాంక్రీటు, నెత్తిన తక్కువ ఎత్తు శ్లాబు. అక్కడ పుట్టిన కిర్రు మెట్లెక్కి అయిదో అంతస్తు దాకా నడిచి వెళ్తుంది. రెండో అంతస్తులో ఉండే రిటైర్డు హెడ్మాస్టరుగారికి నా రాకపోకలు నాకంటే బాగా తెలుసు. అర్ధరాత్రి దాటాక తలుపు తీశానా, మర్నాడు లిఫ్టులో "సినిమా ఎలా ఉందండీ" అంటారు. ఏ సినిమా అని అడగరు. అదీ తెలుసు.

ఈ అరుపుకి ఒక చరిత్ర ఉంది. 2024 ఆగస్టు నెలాఖరు వానలకి బుడమేరు పొంగింది. డైవర్షన్ కాలవకి గండ్లు పడ్డాయి. సెప్టెంబరు 1 నాటికి సింగ్ నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరీపేట నీళ్ళలో ఉన్నాయి. అటు కృష్ణలో ప్రకాశం బ్యారేజీ దగ్గర వరద 11.40 లక్షల క్యూసెక్కులు దాటి, 2009 అక్టోబరు నాటి రికార్డుని మించిపోయింది. ఎగువ నుంచి కొట్టుకొచ్చిన పడవలు బ్యారేజీ గేట్ల కౌంటర్ వెయిట్లని గుద్దేశాయి. ఇంత పెద్ద లెక్కల మధ్య మా సెల్లారులో మునిగిన కార్ల లెక్క ఎవరిక్కావాలి?

నీళ్ళు దిగాక కారుని లాగించుకెళ్ళి ఇంజను విప్పించాం, వైరింగు మార్పించాం, సీట్లు ఎండబెట్టించాం. ఇన్సూరెన్సు తరఫున వచ్చినాయన నాలుగు వైపులా తిరిగి ఫొటోలు తీసుకున్నాడు. తలుపు బందుల్లోకి మాత్రం ఎవరూ తొంగిచూడలేదు. బందంటే ఏముంది, ఒక పిన్ను, దాని చుట్టూ ఒక బుష్, మధ్యలో వెంట్రుకవాసి సందు. ఫ్యాక్టరీలో పెట్టిన గ్రీజు ఆ సందులో ఉన్నంతకాలం ఇంటికీ ఒంటికీ శాంతి. వరదనీరు అందులోకి ఒండ్రు తెచ్చిపెట్టింది. ఆ తర్వాత సర్వీసింగులో ప్రెషరు గన్నుతో కొట్టిన నీళ్ళు మిగిలిన గ్రీజుని బయటికి తోలి, ఒండ్రుని ఇంకాస్త లోపలికి నెట్టాయి. బుడమేరు వెళ్ళి కలవాల్సింది కొల్లేటిలో. కొల్లేటికి దక్కాల్సిన మట్టిలో ఒక అరచెంచా నా తలుపు బందులో మకాం పెట్టింది.

వరదే రాకపోయినా డెల్టాలో ఇనుముకి సుఖం లేదు. ఊరి నడిమధ్య ఏలూరు కాలవ, రైవస్ కాలవ, బందరు కాలవ, మూడింటి తేమ. పడమటి నుంచి ఇబ్రహీంపట్నం థర్మల్ బూడిద మోసే లారీల దుమ్ము. పిల్లలు అడిగారని మంగినపూడి బీచికి వెళ్ళొస్తే, తిరుగు ప్రయాణంలో ఉప్పు కూడా టిక్కెట్టు లేకుండా ఎక్కేస్తుంది. తేమకి తుప్పు పుడుతుంది. తుప్పులో దుమ్ము కలిస్తే పిన్నుని అరగదీసే గరుకు పొడి తయారవుతుంది. తలుపు తీసినప్పుడల్లా మనమే దగ్గరుండి ఆ పని చేయిస్తుంటాం.

ఇదొక విషయమా అని పెదవి విరిచేవారికి రెండు సంగతులు మనవి చేస్తాను. రాపిడి, అరుగుదల, కందెన, ఈ మూడింటి మీద బ్రిటన్‌లో పీటర్ జోస్ట్ అనే ఇంజనీరు అధ్యక్షతన ఒక ప్రభుత్వ కమిటీ కూర్చుంది. ఎక్కడ ఏ కందెన వాడాలో తెలుసుకుని వాడితే దేశానికి ఏడాదికి 51.5 కోట్ల పౌండ్లు మిగులుతాయని 1966లో నివేదిక ఇచ్చింది. ట్రైబాలజీ అనే శాస్త్రానికి పేరు పెట్టింది ఆ నివేదికే. రెండోది ఇంకా పాతది. ఈజిప్టులో జెహుతీహోతెప్ అనే అధికారి సమాధి గోడ మీద సుమారు 3,900 ఏళ్ళ నాటి బొమ్మ ఒకటి ఉంది. చక్రాల్లేని చెక్కబండి మీద మహావిగ్రహాన్ని పెట్టి నూట డెబ్బై మందికి పైగా లాగుతుంటారు. బండి ముందుభాగం మీద ఒకే ఒక్కడు నిలబడి నేల మీద ద్రవమేదో పోస్తుంటాడు. లాగేవాళ్ళు నూట డెబ్బై, పోసేవాడు ఒకడు. నాగరికత అంటే అదీ. మా అపార్ట్‌మెంటులో తలుపు లాగేవాణ్ని నేనొక్కణ్నే. పోసేవాళ్ళు నూట డెబ్బై.

తలుపు ఎందుకు అరుస్తుందో కూడా ఒక మాట చెప్పాలి. పొడిబారిన పిన్ను బుష్‌లో సాఫీగా తిరగదు. అతుక్కుంటుంది, బలం పెరిగితే జారుతుంది, మళ్ళీ అతుక్కుంటుంది. రెప్పపాటులో ఎన్నోసార్లు జరిగే ఈ పట్టూ విడుపూ తలుపు రేకుని వణికిస్తుంది. ఆ వణుకే మన చెవికి కిర్రు. ఫిడేలు మోగేది కూడా ఈ సూత్రం మీదే. కమాను వెంట్రుకలు తీగని పట్టి లాగుతాయి, వదిలేస్తాయి, మళ్ళీ పడతాయి. పట్టు చాలకపోతే విద్వాంసులు కమానుకి రోజన్ రుద్దుకుంటారు. 2021లో పద్మశ్రీ అందుకున్న ఫిడేలు విద్వాంసులు అన్నవరపు రామస్వామిగారు మా ఊరివారే. కాబట్టి బెజవాడవాళ్ళకి నాదం పడదని ఎవరూ అనలేరు. కమాను ఎవరి చేతిలో ఉందన్నదే మా అభ్యంతరం.

ఇక సలహాదారుల్ని వరసగా ప్రవేశపెడతాను.

మొదట మా ఆవిడ. "కాస్త కొబ్బరినూనె రాయండి, ఊరుకుంటుంది" అని వంటింట్లోంచే తేల్చేసింది. మా ఇంట్లో జుట్టుకి, కాలిన వేలికి, చేతికెక్కని గాజుకి, దేవుడి దీపానికి, అన్నిటికీ ఆ సీసా ఒక్కటే. కొబ్బరినూనె 24 డిగ్రీల దగ్గర గడ్డకట్టడం మొదలుపెడుతుంది. సంక్రాంతి నెలలో పొద్దున్నే సీసా ఎండలో పెట్టి కరిగించుకునేవాళ్ళం, అదే నూనె బందులో మాత్రం కారుతూ ఉండాలని ఆశించడం ఏం న్యాయం? "చలికాలంలో గడ్డకడుతుందే" అన్నాను. "చలికాలంలో కారు తియ్యకండి. నడవండి, షుగరైనా తగ్గుతుంది" అంది.

పక్క ఫ్లాటు పిన్నిగారిది ఇంకా ఉదారమైన మనసు. "అప్పడాలు వేయించిన నూనె మిగిలిందయ్యా, పారబొయ్యడం ఎందుకు" అని గిన్నెతో సహా దిగారు. పొద్దుతిరుగుడు నూనె. ఈ జాతి నూనెలు గాలి తగిలితే ఊరుకోవు. ప్రాణవాయువుతో కలిసి మెల్లగా చిక్కబడి, జిగురెక్కి, చివరికి వార్నీషు కడతాయి. ఆవిడ పొయ్యి వెనక పలకల మీద ఏ పీచుకీ లొంగని పసుప్పచ్చ జిడ్డు అదే. దాన్ని వదిలించడానికి ఏటా దసరా ముందు మనిషిని పెట్టుకుంటారు. నా తలుపుకి ఎవర్ని పెట్టాలి?

హెడ్మాస్టరుగారు కుట్టుమిషను నూనె పంపించారు, ముక్కున్న చిన్న ప్లాస్టిక్ డబ్బాలో. నూనె మంచిదే, మరక పడదు, వాసన రాదు. కానీ అది పల్చన. చకచకా తిరిగే చిన్న భాగాలకి పుట్టింది. కారు తలుపు పాతిక ముప్ఫై కిలోల బరువుతో, నిదానంగా, బిగువుగా తిరుగుతుంది. ఆ బరువు కింద పల్చటి నూనె నిలబడదు, నలిగి పక్కకి తప్పుకుంటుంది. అటు తప్పుకుని ఎక్కడికి పోయిందయ్యా అంటే, కారు ఎక్కేటప్పుడు నా ప్యాంటు మీదికి.

వాచ్‌మన్ ఎవరికీ వినపడకుండా నన్ను పక్కకి పిలిచాడు. మోటారు షెడ్డులోంచి తెచ్చిన పాత ఇంజనాయిలు సగం సీసా చూపించాడు. "మా ఊళ్ళో పాక గుంజలకి ఇదే పూస్తాం సార్, చెదలు చచ్చినా రావు" అన్నాడు. నా కారుకి చెదలు పట్టలేదు. ఆ నల్లటి ఆయిల్లో ఇంజను అరిగిన లోహపు పొడి, మసి, ఒంటికి మంచి చెయ్యని రసాయనాలు ఉంటాయి. మన దేశపు నిబంధనల ప్రకారం అది ప్రమాదకర వ్యర్థం. పైగా ఆ తలుపు పక్కనుంచే పెళ్ళిళ్ళకి మా ఆవిడ పట్టుచీరతో ఎక్కేది. ఆ చీరకి మరక పడితే, ప్రమాదకరం అన్న మాటకి అసలర్థం తెలిసేది నాకే.

బందరు నుంచి బావమరిది వచ్చాడు. సముద్రం పక్కన ఉంటాడు కాబట్టి తుప్పు మీద వాడికి డాక్టరేటు ఉన్నట్టు మాట్లాడతాడు. "బావా, ఏ కాలంలో ఉన్నావు" అని సంచిలోంచి స్ప్రే డబ్బా తీశాడు. ఈ స్ప్రేల వంశానికి మూలపురుషుడు డబ్ల్యూడీ-40. 1953లో అమెరికాలోని శాన్‌డియాగోలో రాకెట్ కెమికల్ అనే చిన్న కంపెనీ దాన్ని తయారు చేసింది. అట్లాస్ క్షిపణి పైతొడుగుకి తుప్పు పట్టకుండా నీటిని తరిమే ద్రవం కావాలన్నారు. నలభయ్యో ప్రయత్నంలో కుదిరింది. క్షిపణికి పూసింది మా సెల్లారుకి వచ్చిందంటే ఎవరికైనా గౌరవం కలుగుతుంది. హెడ్మాస్టరుగారు కూడా కిందికి దిగి చూశారు. బావమరిది తెచ్చింది మరేదో కంపెనీది. "ఉస్స్" మంది, కిర్రు ఆగింది. బావమరిది ఆ పూట మా ఇంట్లో రెండు కూరలతో పాటు పులిహోర కూడా తిన్నాడు. వాడు బందరు చేరిన కొన్నాళ్ళకే కిర్రు తిరిగొచ్చింది. ఇలాంటి పల్చటి స్ప్రేల్లో ఆవిరైపోయే ద్రావకం పాలు ఎక్కువ, మిగిలే నూనె పాలు తక్కువ. తుప్పు వదిలించడానికి, బిగుసుకున్నదాన్ని కదిలించడానికి అవి దిట్టలు. బరువు మోస్తూ నెలల తరబడి నిలవమంటే నిలవలేవు. పైగా లోపల కాస్తో కూస్తో పాత గ్రీజు ఉంటే దాన్నీ కరిగించి పట్టుకుపోతాయి.

ఇక అందరికంటే పెద్దాయన, మా మావయ్యగారు. పామర్రు నుంచి ఫోనులో, "అల్లుడుగారూ, ఆముదాన్ని మించిన కందెన భూమ్మీద లేదు" అన్నారు. వారి చిన్నతనంలో ఇంట్లో రెండెడ్ల బండి ఉండేది. ఎండుగడ్డి కాల్చిన మసిని ఆముదంలో నూరి, వెదురు గొట్టంలో పోసి, బండి కింద వేలాడగట్టేవారట. ధాన్యం బస్తాలతో బందరు వెళ్తుంటే దారిలో బండి ఆపి, చక్రం జరిపి, ఇరుసుకి మళ్ళీ కందెన పట్టించి బయల్దేరేవారట. ఆముదాన్ని తీసిపారేసేవాణ్ని కాను నేను. మొదటి ప్రపంచయుద్ధంలో గిరగిరా తిరిగే రోటరీ ఇంజన్ల విమానాలు ఆముదం తాగే ఎగిరాయి. 1909లో క్యాస్ట్రాల్ అనే పేరు పుట్టింది ఆముదం కలిపిన ఇంజనాయిలుకే. ఈ సంగతి నేను దాచిపెట్టాను గానీ, మా అబ్బాయి ఫోనులో చూసి తాతగారికి చదివి వినిపించాడు. "విమానాలకి పనికొచ్చింది మీ కారుకి పనికిరాదా అల్లుడుగారూ" అన్నారు. ఎదురు చెప్పలేదు, మావయ్యగారు కదా. మనసులో మాత్రం అనుకున్నాను, దారిలో బండి ఆపి మళ్ళీ పెట్టాల్సి వచ్చిందంటేనే దాని సంగతి తెలుస్తోంది కదా అని. ఇరుసుకైతే బండితో పాటు మనిషి నడుస్తుంటాడు. నా తలుపు బందు వెంట వెదురు గొట్టంతో ఎవరు నడుస్తారు? పైగా ఉత్త ఆముదం చిక్కన. కాలం గడిచేకొద్దీ ఇంకా చిక్కబడి, వచ్చిన దుమ్మునల్లా అతిథి మర్యాదలతో కూర్చోబెట్టుకుంటుంది.

అసోసియేషన్ సెక్రటరీగారు అసలు నూనె ఊసే ఎత్తలేదు. "కారు ఈశాన్యం వైపు ముఖం పెట్టి ఆపుతున్నారు, అందుకే" అన్నారు. నైరుతిలో ఉన్న జాగా వారిది. అందులో వారి రెండో కారు ఉంటుంది.

ఇహ లాభం లేదు, పనివాళ్ళ దగ్గరికే వెళ్దామని జవహర్ ఆటోనగర్ బయల్దేరాను. ఆసియాలోనే పెద్ద ఆటోనగర్లలో ఒకటని మేం బెజవాడవాళ్ళం బయటివాళ్ళ దగ్గర ఛాతీ విరుచుకునేది దాన్ని చూసే. ఒట్టి ఛాసిస్‌గా వచ్చిన లారీ బాడీ కట్టించుకుని, రంగులు వేయించుకుని, ముందు నిమ్మకాయలు కట్టుకుని బయటికొచ్చే చోటు. మొదటి టింకరింగ్ షెడ్డులో కుర్రాడు తలుపు ఒకసారి తీసి వేసి, "దించాలి సార్" అన్నాడు. "బందులు రెండూ మార్చాలి. తలుపు దించితే రంగు లేస్తుంది, పెయింటింగ్ పడుద్ది. ఈ ఒక్క తలుపుకే వేస్తే మిగతా మూడూ వెలిసిపోయినట్టుంటాయి. నాలుగూ చేసేద్దాం." "కిర్రు తప్ప నాకు వేరే కష్టం లేదయ్యా" అన్నాను. "కొత్త రంగు చూసుకుంటే కిర్రు మీదికి ధ్యాస పోదు సార్" అన్నాడు. వీడికి మంచి భవిష్యత్తు ఉంది, ఆటోనగర్‌లో కాకపోతే అసెంబ్లీలో.

అదే వీధి చివర లారీ తలుపులు బిగించే పెద్దాయన ఉన్నాడు. నేను నా గోడు మొదలుపెట్టగానే, "కాసేపు మాట్లాడకండి బాబుగారూ" అన్నాడు. ఈ కేసులో నేను విన్న మొదటి పనికొచ్చే మాట అదే. తలుపు తెరిచి, అంచు కింద అరచెయ్యి పెట్టి పైకి ఎత్తి చూశాడు. తలుపు కదల్లేదు. "బుష్ అరగలా. అరిగుంటే ఇక్కడ ఆట వచ్చేది. అప్పుడు మారిస్తే తప్ప ఏం పూసినా దండగే." తర్వాత కింద గొంతుక్కూర్చుని, ఎడమచేతి వేళ్ళు పైబందు మీద ఆనించి, కుడిచేత్తో తలుపుని మెల్లగా ఆడించాడు. తల అడ్డంగా ఊపాడు. వేళ్ళు కిందబందు మీదికి మార్చాడు. మళ్ళీ ఆడించాడు. నా చెయ్యి లాక్కుని అక్కడ పెట్టించాడు. వణుకు వేలికొసలకి స్పష్టంగా తెలిసింది. పైబందు సుబ్బరంగా ఉంది, కిర్రంతా కిందదానిది. చివర్లో వచ్చే "టక్కు" అసలు బందుది కానే కాదు, రెండు బందుల మధ్య తలుపుని పట్టి ఆపే స్టాపరు పట్టీది. రెండు రోగాలు. ఇన్ని సీసాల్లో ఒక్క చుక్క కూడా ఆ పట్టీ దాకా వెళ్ళలేదు.

పాత టూత్‌బ్రష్ డీజిల్లో ముంచి కిందబందుని తోమాడు. బూడిదరంగు జిగురు ఊడింది. అందులో బుడమేరు ఉంది, అప్పడాల నూనె ఉంది, ఇంకెవరెవరి ప్రేమ ఉందో నేను చెప్పలేను. బనీను వేస్టుతో తుడిచాడు. సూది లేని సిరంజితో పల్చటి ఆయిలు పిన్ను తల మీద రెండు చుక్కలు వేసి తలుపుని ఆడించాడు. కింద నుంచి నల్లటి చార దిగింది. తుడిచాడు. మళ్ళీ చుక్క, మళ్ళీ ఆట, మళ్ళీ చార. చార తెల్లబడేదాకా అంతే. అప్పుడు చిటికెన వేలి కొసకి గ్రీజు తీసుకుని సందు పైనా కిందా పట్టించి, స్టాపరు పట్టీకి రెండు వైపులా పల్చగా రాశాడు. బయటికి ఉబికినదంతా తుడిచేశాడు. "పైకి కనపడే గ్రీజు బందుకి కాదు బాబుగారూ, దుమ్ముకి."

నేను ఈ ఫిర్యాదు రాయడానికి మూలం ఆ చిటికెన వేలు. నూనె, స్ప్రే, గ్రీజు అని మా అపార్ట్‌మెంటు వాళ్ళు పార్టీలు కట్టారు గానీ, అక్కడ పోటీయే లేదు. వరస ఉంది. ముందు కడిగేది, తర్వాత లోపలికి దూరేది, చివర నిలిచేది. గ్రీజుని నేరుగా మూసుకుపోయిన సందు మీద పులిమితే లోపలికి దూరదు. పల్చటిది దూరుతుంది గానీ నిలవదు. ఇవి రెండూ కలిపి, స్ప్రేలో వచ్చే తెల్ల లిథియం గ్రీజు కూడా దొరుకుతుంది. ద్రావకం లోపలికి తీసుకెళ్ళి దింపి తను ఆవిరైపోతుంది, గ్రీజు ఉండిపోతుంది. ఏది వాడినా ముందు కడగాలి. మట్టి మీద పూసిన గ్రీజు మట్టికి మేలు చేస్తుంది.

గ్రీజంటే నూనే, సబ్బులో పట్టి ఉంచిన నూనె. స్పాంజి నీళ్ళని పట్టుకున్నట్టు సబ్బు నూనెని పట్టుకుని, ఒత్తిడి పడినప్పుడు కొంచెం కొంచెం వదులుతుంది. ఎంత గట్టిదో చెప్పడానికి 000 నుంచి 6 దాకా అంకెలు ఉన్నాయి. బళ్ళకి మామూలుగా వాడేది 2 లేదా 3. సున్నపు సబ్బుతో చేసిన పాతకాలపు గ్రీజులు నీటికి తట్టుకునేవి గానీ ఎక్కువ వేడికి తట్టుకోలేకపోయేవి. లిథియం సబ్బు గ్రీజు రెండింటికీ తట్టుకుంటుంది. అది కరిగి బొట్టు కారాలంటే సుమారు 180 డిగ్రీలు రావాలి. రోహిణి కార్తెలో మధ్యాహ్నం రెండింటికి బెంజి సర్కిల్ సిగ్నలు దగ్గర అంత ఉన్నట్టే అనిపిస్తుంది గానీ, వాతావరణ శాఖ ఒప్పుకోదు.

ఇక్కడ ఒక రహస్యం ఉంది. పాఠకులు తమ దగ్గరే ఉంచుకోవాలి. ఈ లిథియం గ్రీజులో సబ్బు చెయ్యడానికి మామూలుగా వాడేది 12-హైడ్రాక్సీ స్టియరిక్ ఆమ్లం. అది వచ్చేది ఆముదానికి హైడ్రోజన్ పట్టించి. ప్రపంచంలో ఆముదాలు అందరికంటే ఎక్కువ పండించేది మన దేశమే, అందులోనూ ముఖ్యంగా గుజరాత్. అంటే ఆటోనగర్ పెద్దాయన చిటికెన వేలి మీద ఉన్నది, రసాయన శాస్త్రం చదువుకుని తిరిగొచ్చిన ఆముదం. ఈ సంగతి పామర్రు చేరిందా, ప్రతి పండక్కీ నేను తలొంచుకుని భోంచెయ్యాలి. మా అబ్బాయి ఫోనుకి అందుకే కొత్త పాస్‌వర్డు పెట్టాను.

మరో రెండు జాగ్రత్తలు చెప్పి ముగిస్తాను. తలుపు చుట్టూ ఉండే రబ్బరు బీడింగుకి గ్రీజు, ఇంజనాయిలు తగలనివ్వకూడదు, ఉబ్బి పాడవుతుంది. ఆ రబ్బరే కిచకిచమంటుంటే సిలికాన్ వాడాలి. తాళంచెవి దూరే కన్నంలో నూనె పొయ్యకూడదు, దుమ్ము చేరి ముద్ద కడుతుంది. అక్కడ గ్రాఫైటు పొడి కొంచెం చాలు.

కనుక సంబంధిత శాఖ ఎప్పటికైనా ఏర్పడితే, ఆ శాఖ వారికి నా ప్రార్థన ఇది. ఒకటి, వరదలో మునిగిన కారుకి చేసే మరమ్మతుల జాబితాలో ఇంజను, సీట్లతో పాటు తలుపు బందుల్నీ స్టాపర్లనీ చేర్చించాలి. డెల్టాలో వరద కొత్త కాదు, మళ్ళీ రానని బుడమేరు ఎవరికీ రాసివ్వలేదు. రెండు, అపార్ట్‌మెంట్లలో ఏ వస్తువుకైనా మందు చెప్పేవారు ముందు వంగి ఆ వస్తువుని చూడాలని చట్టం తేవాలి. నడుంనొప్పి ఉన్నవారికి మినహాయింపు ఇవ్వొచ్చు, చూడడం నుంచి కాదు, చెప్పడం నుంచి. మూడు, గ్రీజుని చిటికెల లెక్కన అమ్మించాలి.

ఈ మూడోది కాస్త అత్యవసరం. మళ్ళీ ఎప్పుడైనా కావాల్సి వస్తుందని ఆటోనగర్‌లోనే డబ్బా కొన్నాను. అర కిలోకి తక్కువ లేదన్నారు. నా నాలుగు తలుపులకీ కలిపి చెంచాడు పట్టింది. మిగిలింది మా ఇంట్లో టీవీ పక్కన ఉంది. ఊరికే పోనివ్వడం నాకిష్టం లేక అపార్ట్‌మెంటు గేటుకి పూశాను. పిన్నిగారి ఉయ్యాల గొలుసుకి పూశాను. మావయ్యగారికి మోకాళ్ళ దగ్గర పట్టేస్తోందంటే ఆలోచనలో పడ్డాను. మొన్న హెడ్మాస్టరుగారి కుట్టుమిషను బిగుసుకుందని విని డబ్బా పట్టుకుని రెండో అంతస్తుకి పరిగెత్తాను. "దీనికి గ్రీజు పనికిరాదండీ, పల్చటి నూనే వెయ్యాలి. ఓసారి వంగి లోపల చూడండి, మీకే తెలుస్తుంది" అంటారాయన. లోకం ఎలా తయారైందో చూడండి. చూడడానికేముందీ, డబ్బా నా చేతిలోనే ఉంటేను!